బొడ్డమ్మ దుమ్మెత్తి పోసింది

దుమ్మెత్తి పోయడం అనే మాట పేపర్లవాళ్ల చేతిలో పడి పాడైపోయింది. ఎవరో ఒక నాయకుడు ఇంకో నాయకుడి మీద రోజూ దుమ్మెత్తి పోస్తూనే ఉంటాడు, ఇద్దరి చొక్కాలూ తెల్లగానే ఉంటాయి. నిజంగా దుమ్ము మోసుకొచ్చి, చేత్తో ఎత్తి, పోసిన మనిషిని నేను ఒక్కావిడనే చూశాను. ఆవిడ పేరు బొడ్డమ్మ. ఊరు అక్కుపల్లి.

నేను టెక్కలిలో దర్జీని. పేరు మన్మథరావు. మా తాత నా ముఖం సరిగా చూడకుండానే ఆ పేరు పెట్టాడని మా ఆవిడ అంటుంది. నా కొట్టుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, ధనుంజయ్ గారి రెండంతస్తుల మేడ ఉండేది. ఊరి బయట నీలిరాయి క్వారీ ఆయనదే. గారు అన్నది అలవాటు కొద్దీ వచ్చింది, ఇక ముందు రాదు.

బొడ్డమ్మ ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని కాశీబుగ్గ మీదుగా బస్సెక్కి టెక్కలి వచ్చేది. వీధులన్నీ తిరిగి, ఎండ ముదిరాక నా కొట్టు అరుగు మీద కూర్చుని నీళ్లడిగేది. నెత్తళ్ల వాసనకి నా గిరాకీ పారిపోతోందని నేను విసుక్కునేవాణ్ణి. "నీ గిరాకీ నీ కుట్టు సూసే పారిపోనాది తమ్ముడా, నా సేపలేటి సేసినాయి?" అనేది. అలా మొదలైంది మా పరిచయం. ఆవిడ మొగుడు ఢిల్లీరావు గురించి నాకు తెలిసిందంతా ఆ అరుగు మీదే తెలిసింది.

ఢిల్లీరావు పేరుకే ఢిల్లీ, సోంపేట దాటి వెళ్లిన మనిషి కాదు. సముద్రం మీద మాత్రం మొనగాడు. అల కింద దూరితే అవతలివైపు ఎప్పుడో తేలేవాడట. ఒడ్డున ఉన్నవాళ్లకి గుండె ఆగిపోయేదట. "ఆడి రొమ్ము గంగాళంలాగుండేది తమ్ముడా, ఎంత గాలైనా పట్టేది," అని చెప్పేది బొడ్డమ్మ, చేతులు రెండూ బారచాపి. తొంభైతొమ్మిది తుఫానులో పడవ ముక్కలైపోయింది. వలలు ఇసుకలో పూడిపోయాయి. పక్క ఏడాది ఢిల్లీరావు, వాడి తమ్ముడు పాండు ఇద్దరూ ధనుంజయ్ క్వారీలో డ్రిల్లర్లుగా చేరారు. వారమంతా కొండ దగ్గర రేకుల షెడ్డులో, ఆదివారం అక్కుపల్లిలో.

రాయిని పేల్చడానికో చీల్చడానికో ముందు వరసగా బెజ్జాలు వెయ్యాలి. డ్రిల్లు పెట్టగానే బెజ్జంలోంచి మైదాపిండిలాంటి పొడి బుస్సుమని ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. గొట్టంతో నీళ్లు పోస్తూ వేస్తే ఆ పొడి అక్కడే బురదై కారిపోతుంది. అది రూలు కూడా. అయితే నీళ్లు పోస్తే పని నెమ్మదిస్తుందనీ, ఎండాకాలం కొండ మీదికి నీళ్లెక్కడినుంచి తెస్తామనీ ధనుంజయ్ పొడిగానే వేయించేవాడు. ఆఫీసర్లు చూడ్డానికి వచ్చే రోజు మాత్రం ట్యాంకరు వచ్చేది, గొట్టాలు పరిచేవారు, అందరి ముక్కులకీ మాస్కులు తగిలించేవారు. జీపు కొండ దిగగానే మేస్త్రి ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చి మాస్కులు తిరిగి వసూలు చేసుకునేవాడు. మళ్లీ ఆఫీసరు వచ్చేదాకా ఆ పెట్టె తాళంలో ఉండేది.

మాస్కు బదులు ధనుంజయ్ బెల్లం ఇచ్చేవాడు. పని దిగాక తలా ఒక అచ్చు ముక్క. బెల్లం తింటే గొంతులో దుమ్ము కిందికి దిగి పోతుందని మా వైపు అందరూ నమ్ముతారు, నేనూ నమ్మేవాణ్ణి. ఢిల్లీరావుకి దగ్గు పట్టుకున్నప్పుడు బొడ్డమ్మ ఇంకా ఎక్కువ బెల్లం పెట్టింది. పాలలో వేసింది, గంజిలో వేసింది. దుమ్ము గొంతులో లేదు, ఊపిరితిత్తుల్లో ఉంది. అక్కడికి బెల్లం వెళ్లదని చెప్పగలిగినవాడు చెప్పకుండా బెల్లం పంచిపెట్టాడు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కత్తెర వంకర పోతుంది.

టీబీ అనుకుని ఢిల్లీరావు ఆ మందులే చాన్నాళ్లు మింగాడు. దగ్గు తగ్గలేదు సరికదా నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆఖరికి పాండు అన్నని విశాఖపట్నం తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు ఎక్స్‌రే ఫిలిం చూసి, ఏం పని చేస్తావని అడిగి, ఇది టీబీ కాదు, రాతిపొడి లోపల పేరుకుని ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, తీసే మందు లేదు అన్నాడు. జబ్బు పేరు సిలికోసిస్ అని చెప్పాడు. బొడ్డమ్మకి ఆ పేరు నోరు తిరగలేదు. సిలక జబ్బు అనేది. క్వారీలో కూడా అందరూ అలాగే అనడం మొదలుపెట్టారు.

రెండువేల ఆరు వానాకాలంలో ఢిల్లీరావు పోయాడు. కర్మకాండలయ్యాక బొడ్డమ్మ, పాండు కొండ దగ్గరికి వెళ్లి ధనుంజయ్‌ని నిలదీశారు. వాడు కూలీలందరి ముందూ గట్టిగా చెప్పాడు:

"టీబీతో పోయాడమ్మా నీ మొగుడు. దానికి తోడు తాగుడు. నా క్వారీలో దుమ్ము విభూతి లాంటిది, ఎవరికీ ఏమీ చెయ్యదు. నేను రోజూ వస్తున్నాను కదా, నాకేమైనా అయిందా?"

అని ఊరుకోలేదు. అంటురోగమని చెప్పి ఢిల్లీరావు పడుకున్న చాప అందరూ చూస్తుండగా తగలబెట్టించాడు. షెడ్డంతా బ్లీచింగ్ చల్లించాడు. ఆ కబురు వీళ్లకన్నా ముందు అక్కుపల్లి చేరింది. మర్నాడు బొడ్డమ్మ ఇసుకలో చేపలు ఆరబోసుకోబోతే పెద్దతల్లి అనే ముసలావిడ వచ్చి, "ఓలమ్మ, ఎడంగా పోసుకోయే. మీ ఇంట టీబీ ఉన్నాదట గదా. నీ సేపల్తో మా సేపలు కూడా ఎవులూ కొనరు," అని కాలితో చేపల్ని పక్కకి నెట్టింది. ఊళ్లో ఎవరూ ఆవిడ గిన్నె ముట్టలేదు. చేపలు కొనే ఇళ్లు ఒక్కొక్కటే తలుపు వేసుకున్నాయి. మొగుడు పోయిన దుఃఖం ఒక ఎత్తు, పోయినవాడి మీద వేసిన ఆ మచ్చ ఒక ఎత్తు.

ఆ వారం నా అరుగు మీద కూర్చుని ఎదుటి మేడకేసి చూస్తూ బొడ్డమ్మ అంది:

"ఈడే సెప్పాల తమ్ముడా. నా మొగుడు టీబీతో పోనేదు, నా దుమ్ముతో పోనాడని ఈడి నోటితో సెప్పించాల. అదే అక్కుపల్లి ఇసకలో, అదే ఆడోల్ల ముందల సెప్పించాల. అలా సెప్పించకపోతే నాను బొడ్డమ్మని కాను."

ఏడవలేదు. నాకు భయం వేసింది.

రెండువేల ఏడు ఎండాకాలం. ఒక మధ్యాహ్నం బొడ్డమ్మ గంపకి బదులు సిమెంటు సంచీ, ఒక చాట పట్టుకుని వచ్చింది. నా దగ్గర నీళ్లు తీసుకుని తాగలేదు, పైట కొంగు తడుపుకుని ముక్కుకీ నోటికీ బిగించి కట్టుకుంది. నా కొట్టు ముందు, రోడ్డు వార నిలబడింది. సంచిలోంచి చాటలోకి తెల్లటి పొడి తీసుకుని, నా కొట్టు వెనక నుంచి సముద్రపు గాలి తిరిగేదాకా ఆగి, ధాన్యం తూర్పారబట్టినట్టు చాట ఎత్తి వదిలింది. పొడి మేఘంలా లేచి, తిన్నగా వెళ్లి, ధనుంజయ్ మేడ వరండాలో దిగింది. చేపలు ఆరబెట్టుకు బతికిన మనిషికి గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఒకరు చెప్పాలా?

ఒక్క మాట మాట్లాడలేదు. సంచీ ఖాళీ అయ్యాక మడిచి చంకలో పెట్టుకుని బస్టాండుకి వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

ఆ పొడి ఎక్కడిదనుకున్నారు? క్వారీదే. డ్రిల్లర్ల ఇళ్లలో ఆడవాళ్లు మొగుళ్ల చొక్కాలు, లుంగీలు, తలగుడ్డలు ఉతికే ముందు సంచిలో దులిపి బొడ్డమ్మ కోసం దాచేవారు. పాండు బెజ్జాల దగ్గర పోగుపడ్డది ఎత్తి తెచ్చేవాడు. ధనుంజయ్ సరుకు ధనుంజయ్ ఇంటికే చేరవేస్తోంది, రవాణా ఖర్చు కూడా అడక్కుండా.

నేనుండబట్టలేక అడిగాను. "ఏటప్పా, దుమ్ము పోత్తన్నావు గాని తిట్టవేటి? మా వీధిలో ఆడోల్లు కొలాయి కాడే ఇంతకన్నా బాగా తిట్టుకుంతారు."

కొంగు ముడి విప్పుకుంటూ చెప్పింది. "తిడితే తిట్టినానని కేసెడతాడు తమ్ముడా. దుమ్ము మీద కేసెట్టాలంటే ఈ దుమ్ము మనిసిని సంపుతాదని ఆడే సెప్పాల గదా. ఆ మాట ఆడి నోట్లోంచి ఊడిపడ్డ దాకా నాను నోరిప్పను."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ రోజు నుంచి నేను కుట్టు మిషను రోడ్డు వైపు తిప్పుకుని కూర్చున్నాను. మంచివాణ్ణని చెప్పుకోను. నా దగ్గర చొక్కాలు కుట్టించుకుని కూలి ఎగ్గొట్టినవాళ్లు బాకీ మొత్తం తీర్చినా రానంత సంతోషం ఆ పొడి వరండాలో దిగుతుంటే వచ్చేది.

మొదట ధనుంజయ్ నవ్వాడు. పిచ్చిదన్నాడు. తరవాత వాచ్‌మన్‌ని పంపి గెంటించాడు. రోడ్డు నీ యజమానిదా అని మా వీధివాళ్లు వాచ్‌మన్‌ని తగులుకున్నారు, వాడు వెనక్కి వెళ్లాడు. ఇంట్లో ధనుంజయ్ భార్య ప్రమోదినికి తుమ్ములు మొదలయ్యాయి. కిటికీలన్నీ మూయించింది. మూసిన కిటికీల వెనక ఉక్కపోస్తుంటే మొగుణ్ణి కేకలేసేది, ఆ కేకలు నా కొట్టులోకి హాయిగా వినిపించేవి. ఆరిన బట్టల మీద దుమ్ము, అన్నం మీద దుమ్ము, చిన్నపిల్ల మంచం మీద దుమ్ము.

అప్పుడు ధనుంజయ్ ఏం చేశాడో వినండి. మేడ ముందు రోడ్డు తడపడానికి పొద్దునా మధ్యాహ్నం నీళ్ల ట్యాంకరు తెప్పించాడు. వాచ్‌మన్ ముక్కుకి మాస్కు వచ్చింది. అది ఏ అట్టపెట్టెలోదో పాండు చూడగానే గుర్తుపట్టాడు.

"కొండ మీదకి నేని నీల్లు ఈడి గుమ్మం ముందలకి ఎక్కడ్నుంచొచ్చినాయి మన్మథరావు బావా?" అన్నాడు నాతో. పళ్లు నూరుతూ నవ్వాడు వాడు. ఆ సాయంత్రం క్వారీలో ఆ మాట అందరూ అనుకున్నారు.

రోడ్డు తడిస్తే ఏం లాభం? బొడ్డమ్మ పొడి రోడ్డు మీంచి లేచేది కాదు, చాటలోంచి వచ్చేది. గాలి తిరిగేది, పొడి వెళ్లేది. ఇలా కొన్ని వారాలు గడిచాక ధనుంజయ్‌కి నిద్ర కరువై, ప్రమోదిని పుట్టింటికి వెళ్తానని పెట్టె సర్దుకున్న పొద్దున, వాడు పోలీస్ స్టేషన్‌కి వెళ్లి కంప్లయింట్ ఇచ్చాడు.

స్టేషన్‌కి నన్ను కూడా పిలిచారు. రోజూ కళ్లారా చూసేవాడు దర్జీయే అని ధనుంజయ్ సాక్ష్యానికి నా పేరు ఇచ్చాడు పాపం. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. బొడ్డమ్మ గోడ వార నేల మీద కూర్చుంది. పాండు, డ్రిల్లర్లు, వాళ్ల ఆడవాళ్లు గుమ్మం బయటా కిటికీ దగ్గరా కిక్కిరిసి నిలబడ్డారు. ఎస్సై కొత్తవాడు, కాస్త నవ్వుముఖం.

"ఏమ్మా, రోజూ ఈయన ఇంటి మీద దుమ్ము పోస్తున్నావా?"

"పోత్తన్నాను బాబూ."

"ఎందుకు?"

బొడ్డమ్మ ధనుంజయ్‌ని చూస్తూ కూర్చుంది. ఎస్సై నా వైపు తిరిగాడు. నిజమే పోస్తోంది, తిట్టదు కొట్టదు, ఉత్తినే పోస్తుంది అన్నాను. ఎస్సై ధనుంజయ్‌తో నవ్వుతూ అన్నాడు:

"ఉత్త దుమ్మే కదండీ. దీనికి ఏ సెక్షన్ పెట్టమంటారు? తుడిపించుకోండి."

అంతే. ధనుంజయ్ కుర్చీలోంచి లేచాడు.

"ఉత్త దుమ్మా? మీకేం తెలుసండీ! అది రాతిపొడి. కంటికి కనపడనంత సన్నగా ఉంటుంది. ఒకసారి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు. లోపలే గట్టిపడిపోతుంది. సిలికోసిస్ అంటారు దాన్ని. మందు లేదు. మనిషి ఊపిరాడక చస్తాడు. నా ఇంట్లో చిన్నపిల్ల ఉంది. ఇది మర్డర్ అటెంప్ట్! ఆ సెక్షన్ పెట్టండి!"

సిలికోసిస్. ఎక్కడా తడబడలేదు. పాండు విశాఖపట్నం వెళ్తే గానీ తెలియని మాట వాడి నాలుక మీద సిద్ధంగా ఉంది.

ఎస్సై నవ్వు ఆగిపోయింది. "ఈ సంగతి మీకు ఎప్పటినుంచి తెలుసండీ?" అన్నాడు.

"పన్నెండేళ్లుగా క్వారీ నడుపుతున్నాను, నాకు తెలీదా?" అని గర్జించాడు ధనుంజయ్. నోరు మూసుకున్నాక గానీ తనేమన్నాడో వాడికి తెలియలేదు. కిటికీ దగ్గర దగ్గేవాళ్లు కూడా దగ్గు ఆపుకున్నారు.

బొడ్డమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ఇన్నారా అందరూ? ఇశాపట్నం డాకటరు సెప్పిన పేరు అదే. పన్నెండేల్లనుంచీ తెలుసట. తెలిసే బెల్లం ముక్కెట్టినాడు. తెలిసే నా మొగుడి సాప తగలెట్టినాడు." ఎస్సై వైపు తిరిగి చేతులు జోడించింది. "నన్ను లోపలెట్టీయండి బాబూ. ఆడి పిల్ల మంచం మీద గుప్పెడు పడితే అత్తాపియత్నం గదా. నా మొగుడి మీద ఆరేల్లు పోసినోడికి ఏ సెచ్చనో అది కూడా ఇప్పుడే సెప్పీయండి."

ఎస్సై ఆవిణ్ణి లోపల పెట్టలేదు. కంప్లయింటు ఉంచమంటారా అని ధనుంజయ్‌ని మెల్లగా అడిగాడు. వాడు వద్దన్నాడు. చెప్పులు తారుమారుగా తొడుక్కుని బయటికి వెళ్లాడు. నేను ఆ చెప్పులు చూసి నవ్వాను, గట్టిగానే నవ్వాను.

మర్నాడు కొండ మీద ఒక్క డ్రిల్లు లేవలేదు. మేస్త్రి వచ్చి అరిస్తే పాండు డ్రిల్లు పక్కనే కుర్చీ వేసి తుడిచి చూపించాడు. "అయ్యగార్ని ఇక్కడ కూకోమను. ఆయన ఒక పూట కూకుంటే మేము ఏడాది పొడిగా ఏత్తాం," అన్నాడు. ధనుంజయ్ రాలేదు. ఒడిశా నుంచి కొత్త కూలీలని తెప్పిద్దామని చూశాడు. ఇచ్ఛాపురం దాటకముందే వాళ్లకి సిలక జబ్బు సంగతి తెలిసిపోయి వెనక్కి తిరిగారు. విశాఖ రేవులో ఓడ ఎక్కాల్సిన రాళ్లు కొండ మీదే ఉండిపోయాయి. ఇంతలో గనుల భద్రత ఆఫీసరు కబురు విని వచ్చాడు. ఈసారి కూలీలు ఆయన ముందు నోరు విప్పి ట్యాంకరు సంగతీ అట్టపెట్టె సంగతీ మొత్తం చెప్పారు. నీళ్ల గొట్టం లేని డ్రిల్లు తిరగడానికి వీల్లేదని ఆయన పని ఆపించాడు.

ధనుంజయ్ దిగివచ్చాడు. ప్రతి డ్రిల్లుకీ నీళ్లు, ప్రతి మనిషికీ తన దగ్గరే ఉండే మాస్కు, ఏడాదికోసారి అందరికీ ఫిలిం. అన్నిటికీ ఒప్పుకున్నాడు. కూలీలు పనిలోకి వెళ్లడానికి ఇంకొక్క షరతు మిగిలింది, అది బొడ్డమ్మది. డబ్బిస్తానన్నాడు ధనుంజయ్. ఆవిడ వినిపించుకోలేదు. రెండు వారాలు మొండికేసి ఆఖరికి సరేనన్నాడు.

ఆ రోజు నేను కొట్టు మూసి అక్కుపల్లి వెళ్లాను. ఎందుకు వెళ్లకూడదు? అలాంటివి జీవితంలో మళ్లీ దొరుకుతాయా? కారు ఇసుకలో దిగబడిపోతే ధనుంజయ్ నడిచి వచ్చాడు. ఆడవాళ్లు చేపలు ఆరబోసుకుంటున్నారు. ముందు వరసలో పెద్దతల్లి. వాడు ఆ ఇసుకలో నిలబడి, తల వంచుకుని గొణిగాడు.

"సముద్రం హోరుకి ఇనపడ్డంనేదు. గట్టిగా," అంది బొడ్డమ్మ.

వాడు తలెత్తాడు. "ఢిల్లీరావు టీబీతో పోలేదు. నా క్వారీ దుమ్ముతో పోయాడు. నాకు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పాను," అన్నాడు.

పెద్దతల్లి చేతిలోని చేపలు కింద పెట్టేసి కొంగు నోట్లో కుక్కుకుంది. ధనుంజయ్ ముఖం తుడుచుకున్నాడు.

"అయిపోయింది కదమ్మా ఇక? వెళ్లమంటావా?"

బొడ్డమ్మ వెనక్కి తిరిగి పాండుని పిలిచింది. వాడు దూరంగా పడవ అంచు మీద కూర్చుని ఉన్నాడు. అంతకు ముందు వారమే వాడికి విశాఖపట్నంలో ఫిలిం తీశారు. అన్నకి చెప్పిన మాటే వాడికీ చెప్పారు. వాడు ఇసుకలో నాలుగడుగులు వేసి, ఆగి, రొమ్ము పట్టుకుని ఊపిరి పీల్చుకుని, మళ్లీ నాలుగడుగులు వేసి వచ్చాడు. బొడ్డమ్మ మరిది భుజం పట్టుకుని ధనుంజయ్ ముఖానికి ముఖం పెట్టి నిలబెట్టింది.

"ఈడి పేరు పాండు. బాగా నేర్సుకో. ఈడి కోసం కూడా నువ్వు ఈ ఇసకలోకి రావాల. ఆ రోజు కబురెడతాను."